మెలటోనిన్ గారికి ఇన్‌ఛార్జి బాధ్యతలు

నూకరత్నానికి గురువారం ఆపరేషన్ అన్నారు. బుధవారం పొద్దున పేపర్లో ఒక వార్త పడింది. అంతే, ఆవిడ ఆపరేషన్ ఆగిపోయింది.

నూకరత్నం కడియపులంక పూల బజారులో బంతి, చామంతి అమ్ముతుంది. నోరు కాస్త పెద్దది. మనసూ దానికి తగ్గట్టే పెద్దది. దసరా బేరాలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఏదో సెగగడ్డలే అని వదిలేసే మనిషి కాదు కాబట్టి, మొగుడు తాతబ్బాయిని వెంటబెట్టుకుని గోదావరి గట్టున ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చి పడింది. అక్కడి సర్జను డాక్టర్ హిమజ అన్ని పరీక్షలూ చేయించి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది.

"క్యాన్సరే నూకరత్నం గారూ. కానీ తొందరగా వచ్చారు. ఇప్పుడు రేగిపండంత ఉంది. వెంటనే చేసేస్తే గడ్డ వరకే తీసేస్తాను, రొమ్ము ఉంటుంది. ఆలస్యం చేస్తే మాత్రం మొత్తం తీసెయ్యాలి. ఇంకా ఆలస్యం చేస్తే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

"ఆలీసెం ఎవరు చేత్తారండి డాక్టరమ్మా? నేను చెయ్యను, మీరు చెయ్యరు. ఇంకెవరున్నారండి మజ్జిలో?"

మధ్యలో పై అంతస్తు ఉందని పాపం ఆవిడకి తెలియదు. ఆ పై అంతస్తులో సూపరింటెండెంట్ డాక్టర్ పేర్రాజు గారు ఉంటారు. మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. పేపర్లో ఏది అచ్చయినా అది తనకోసమే అచ్చయిందనుకునే గుణం ఒక్కటే ఆయనలో లోపం. ఆయన పక్కనే పరిపాలనాధికారి భాష్యకార్లు గారు. రూల్సు పుస్తకం ఎదురుగా ఉంటే తప్ప ఆయనకి కాఫీ కూడా దిగదు. బుధవారం ఆ గదిలో జరిగిన ముచ్చటంతా వార్డు నర్సు సిస్టర్ ఎస్తేరు కళ్లారా చూసి వచ్చి, నూకరత్నానికి పూసగుచ్చినట్టు చెప్పింది.

వార్త పెద్దక్షరాల్లో ఇలా ఉంది: ‘నిద్ర హార్మోను క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించవచ్చు’. కింద చిన్నక్షరాల్లో మరో నాలుగు ముక్కలున్నాయి. చీకట్లో మన మెదడులోని ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే హార్మోను తయారుచేస్తుందనీ, ప్రయోగశాలలో గాజు పళ్లెంలో ఉన్న క్యాన్సర్ కణాల మీద దాన్ని ప్రయోగిస్తే అవి నెమ్మదించాయనీ, మనుషుల సంగతి ఇంకా తేలవలసి ఉందనీ. ఆ చిన్నక్షరాలు పేర్రాజు గారు చదవలేదు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చారు.

"చూశారా భాష్యకార్లు గారూ! తగ్గించవచ్చుట!"

భాష్యకార్లు గారు పేపరు తీసుకుని, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, కాసేపు కళ్లు మూసుకున్నారు.

"‘తగ్గించవచ్చు’ అన్నారంటే అనుమతి మంజూరైనట్టేనండి. మన రూల్సులో ‘వచ్చు’ అన్న చోటల్లా అనుమతే కదండీ. సెలవు వాడుకొనవచ్చు. ప్రయాణ భత్యం పొందవచ్చు. ప్రహరీ గోడ నిర్మించుకొనవచ్చు. అదే మాదిరిగా, మెలటోనిన్ వారు క్యాన్సర్‌ను తగ్గించవచ్చు."

రేపటి ఆపరేషన్ జాబితా పట్టుకుని అప్పుడే గదిలోకి వచ్చిన హిమజకి ఇది వినబడింది.

"అది అనుమతి కాదండీ, ఊహ. తగ్గిస్తుందేమో అని అర్థం."

"‘ఏమో’ అని రాయలేదమ్మా. ‘వచ్చు’ అని రాశారు. ‘ఏమో’కి మన దగ్గర రూలు లేదు."

"సరే, తగ్గించుకోనివ్వండి. నా పని నేను చేసుకుంటాను."

"ఎలా కుదురుతుందమ్మా? తమరు తగ్గించవచ్చని ఎక్కడైనా ఉందా?"

"నేను తగ్గించను సార్. తీసేస్తాను."

"అక్కడే కదమ్మా చిక్కు! తగ్గించే బాధ్యత ఒకరికి అప్పగించాక, ఆ ఉన్నదాన్ని కాస్తా తమరు తీసేస్తే వారు దేన్ని తగ్గిస్తారు? రేపు ఆడిట్ వాళ్లొచ్చి ఏదీ తగ్గించినది చూపించండి అంటే వారేం చూపిస్తారు? ఒకే పనికి ఇద్దరు బాధ్యులుండరాదు."

పేర్రాజు గారు ఇద్దరి వంకా చూసి, ఎవరి మాటలు బరువుగా ఉన్నాయో బేరీజు వేసుకుని, భాష్యకార్లు గారి వైపు తల ఊపారు. సాయంత్రానికల్లా నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. ‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ ఆసుపత్రి పరిధిలోని యావత్తు క్యాన్సర్ కణముల పెరుగుదలను తగ్గించు విషయమై మెలటోనిన్ వారికి పూర్తి ఇన్‌ఛార్జి బాధ్యతలు అప్పగించడమైనది. తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము ఇతరులెవ్వరును సదరు కణముల జోలికి పోరాదు.’

సిస్టర్ ఎస్తేరు ఇదంతా చెప్పి ముగించాక నూకరత్నం మంచం మీద లేచి కూర్చుంది.

"మెలటోనిన్ గారంటే ఎవరండి సిస్టరమ్మా? కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరుగారా?"

"డాక్టరు కాదమ్మా. మీ తలలోనే ఉంటారు."

"నా తల్లోనా! నాతో ఒక్క ముక్క అయినా చెప్పకుండా ఎప్పుడు జేరారండి?"

ఎస్తేరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూకరత్నానికి మాత్రం అప్పుడే భయం మొదలైంది. కొంగు చాటున చెయ్యి పెట్టి గడ్డని తడిమి చూసుకుంది. అది ఉన్నచోటే ఉంది. దానికి ఉత్తర్వులూ అవీ ఏమీ తెలిసినట్టు లేదు.

బాధ్యతలు అప్పగించాక, వారు విధులకి వస్తున్నారో లేదో ఎవరో ఒకరు చూడాలి కదా. మెలటోనిన్ వారు చీకట్లో, నిద్రలో మాత్రమే పనిచేస్తారని హిమజే ఏదో మాటవరసకి అంది. అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే నిద్రపోయినట్టు ధ్రువీకరించే అధికారం గెజిటెడ్ అధికారికి తప్ప ఇంకెవరికీ లేదు. గెజిటెడ్ అధికారులు పదిన్నరకి వచ్చి ఐదింటికి వెళ్లిపోతారు. వాళ్లని రాత్రిళ్లు రమ్మనడానికి ఏ రూలూ లేదు. రాత్రిని పగలు రమ్మనడానికి అడ్డుచెప్పే రూలు కూడా ఎక్కడా లేదని భాష్యకార్లు గారు వెదికి మరీ తేల్చారు. దాంతో ఆసుపత్రి ఆవరణలో రాత్రి అంటే పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా అని రెండో ఉత్తర్వు వచ్చింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. కిటికీ అద్దాలకి నల్ల రంగు పూశారు. క్యాంటీన్ వాడు పొద్దున తొమ్మిదింటికి అన్నం, పప్పు, మజ్జిగ పెట్టేసి, సాయంత్రం ఐదున్నరకి ఇడ్లీ వెయ్యడం మొదలుపెట్టాడు. రాత్రి అని రోగులకి నమ్మకం కుదరడానికి వరండాలో స్పీకరు పెట్టి కీచురాళ్ల చప్పుడు వినిపించారు. సాయంత్రం ఐదు కాగానే కోడి కూత, వెనకే సుప్రభాతం. పదిన్నరకి గంట కొట్టగానే వాచ్‌మన్ వార్డు గుమ్మంలో నిలబడి "అందరికీ శుభరాత్రి" అని అరవాలి. మొదటిరోజు వాడు సిగ్గుపడి చచ్చాడు. మూడోరోజుకి అలవాటైపోయి, చివర "తియ్యటి కలలు" అని తనంతట తనే కలిపాడు.

సిబ్బంది కూడా ఊరుకోలేదు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి మర్నాడు సెలవివ్వాలని రూలుంది కాబట్టి, పగలు చేసింది రాత్రి డ్యూటీ అయినప్పుడు మర్నాడు సెలవు తీసుకున్నారు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. దాంతో ఆసుపత్రిలో మనుషులు సగానికి సగం తగ్గారు.

ఒకరోజు మధ్యాహ్నం తాతబ్బాయి క్యారేజీలో చేపల పులుసు పట్టుకుని ఎండలో చెమటలు కక్కుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. వాచ్‌మన్ అడ్డం పడ్డాడు.

"ఎవరండీ ఈ అర్ధరాత్రి?"

తాతబ్బాయి తల పైకెత్తి సూర్యుడి వైపు చూశాడు. "అర్ధరాత్రేంటండీ బాబూ! ఎండకి మాడు పగిలిపోతంటే!"

"బైట ఎండేనండి. గేటు లోపల అర్ధరాత్రండి. రాత్రిపూట రోగుల్ని చూడ్డానికి వదలరండి. పొద్దున్నే రండి."

"పొద్దున్నే అంటే ఎప్పుడండీ?"

"సాయంత్రం ఐదింటికండి."

తాతబ్బాయి వెనకాల కొత్తగా చూపించుకోడానికి వచ్చినవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. గొంతులో గడ్డతో ఒకాయన, కడుపు పట్టుకుని ఒక ముసలావిడ, ఇంకా చాలామంది. రాత్రిపూట ఓపీ ఉండదు కాబట్టి వాళ్లందరినీ పొద్దున్నే రమ్మన్నారు. తీరా వాళ్లు ఐదింటికి వస్తే, తెల్లారిపోయిందని డాక్టర్లందరూ ఇళ్లకి వెళ్లిపోతూ ఎదురయ్యారు.

ఇక నిద్ర తనిఖీ. అది స్వయంగా పేర్రాజు గారు, భాష్యకార్లు గారు కలిసి చేసేవారు. టార్చి వేస్తే చీకటి చెడుతుంది. వెయ్యకపోతే ఎవరు నిద్రపోతున్నారో తెలియదు. భాష్యకార్లు గారు దీనికి పద్ధతి కనిపెట్టారు. ప్రతి మంచం దగ్గరా ఆగి గట్టిగా "నిద్రపోతున్నారా?" అని అడగడం. రోగి "నిద్రపోతున్నానండి" అంటే సరి. జవాబు రాకపోతే నిద్రపోనట్టు లెక్క. రుజువు లేనిది ఎలా నమ్ముతారు?

వార్డులో ఉన్న ఆడవాళ్లందరూ మొదటిరోజే ఈ కిటుకు పట్టేశారు. కళ్లు తెరుచుకుని కబుర్లాడుకుంటూ, అడుగుల చప్పుడు వినబడగానే వరసగా "నిద్రపోతున్నానండి", "నేనూనండి", "మంచి నిద్రలో ఉన్నానండయ్యా" అని హాజరు పలికేవారు. నిజంగా నిద్రపోయేది ఆ వార్డులో ఒక్క నూకరత్నమే. ఆవిడ బతుకంతా అంతే. పూల బజారు తెల్లారకముందే మొదలై పొద్దెక్కేసరికి అయిపోతుంది. ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటే సాయంత్రం దాకా పక్కన బాంబు పడ్డా లేవదు. అందరూ అమ్మయ్య రాత్రి అయిందని కూర్చునే వేళకి ఆవిడకి మామూలుగానే కళ్లు మూతలు పడేవి.

"నిద్రపోతున్నారా?" అని అడిగారు భాష్యకార్లు గారు.

నూకరత్నం గుర్రు పెట్టింది.

"జవాబు లేదు సార్" అన్నారాయన.

"గుర్రు వినబడుతోందిగా?" అన్నారు పేర్రాజు గారు అనుమానంగా.

"గుర్రు జవాబు కిందికి రాదు సార్. ఎవరైనా పెట్టవచ్చు."

ఇలా రోజూ జరిగింది. నూకరత్నం తలలో మెలటోనిన్ వారు వరసగా విధులకి గైర్హాజరైనట్టు తేలింది. వెంటనే వారికి సంజాయిషీ మెమో తయారైంది. ‘తమరు అనుమతి లేకుండా విధులకు హాజరు కాకపోవుటకు గల కారణములను లిఖితపూర్వకముగా తెలియజేయవలసినది’. మెమో తయారుచెయ్యడం ఎంతసేపు, అందజెయ్యడమే సమస్య. చివరికి భాష్యకార్లు గారు నూకరత్నం మంచం దగ్గరికి వచ్చి, ఆవిడని లేపి కూర్చోబెట్టి, తలకి దగ్గరగా వంగి మొదటినుంచి చివరిదాకా చదివారు.

"పోనీ నేను చెప్తానండి బాబూ" అంది నూకరత్నం, కళ్లు నులుముకుంటూ. "నేను నిద్రపోతానే ఉన్నానండి. ఒట్టండి. ఆయనెవరో గానీ మా బాగా పంజేత్తన్నారండి. నా ఆపరేసనేదో..."

"అమ్మా, తమరు మధ్యలో మాట్లాడరాదు. ఇది శాఖాపరమైన వ్యవహారం. మేము వారితో మాట్లాడుతున్నాం."

నూకరత్నం నోరు మూసుకుంది. జన్మలో అదే మొదటిసారి.

బంతి సీజను వెళ్లి చామంతి సీజను వచ్చింది. మెమోకి జవాబు రాలేదు. గుర్తుచేస్తూ ఇంకో మెమో, ఇదే ఆఖరు అంటూ మరో మెమో వెళ్లాయి. హిమజ రోజూ పై అంతస్తు మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఒకరోజు నూకరత్నం గడ్డని పట్టి చూసి, చటుక్కున చెయ్యి తీసేసింది.

"ఎంతుందండి డాక్టరమ్మా?"

"కొంచెం పెరిగింది."

"నిజం చెప్పండి. నేను పూలు పట్టుకుని తూకం చెప్పే మడిసినండి. నిమ్మకాయంత అయ్యింది కదండీ?"

హిమజ తల ఊపింది. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు చూసి నూకరత్నానికి తన భయం కంటే ఆ పిల్ల మీద జాలే ఎక్కువైంది. ఆ సాయంత్రం తాతబ్బాయి రాగానే మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మావా, ఇక్కడుంటే నేను బతకను. కాకినాడైనా తీసుకుపో, విశాఖపట్నమైనా తీసుకుపో. ఎవరో ఒకరు కోసేసి పారేత్తారు. పద."

తాతబ్బాయి సంచీ సర్దాడు. హిమజ వేరే ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. ఇద్దరూ గేటు దాకా వచ్చారు. సరిగ్గా అదే రోజున, జవాబివ్వని కారణంగా మెలటోనిన్ వారిని సస్పెండ్ చేశారని వాళ్లకి తెలియదు. గేటు దగ్గర భాష్యకార్లు గారే స్వయంగా నిలబడి ఉన్నారు.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"కాకినాడండి. మా ఆవిణ్ణి చూపించడానికండి" అన్నాడు తాతబ్బాయి.

"సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు."

"ఆవిడ ఉద్యోగి కాదండి. పూలమ్ముకుంటాదండి."

"ఆవిడ గురించి కాదండీ. మెలటోనిన్ వారి గురించి. వారి హెడ్‌క్వార్టర్స్ ఈవిడ తల." భాష్యకార్లు గారు ఎంతో మర్యాదగా చేతులు కట్టుకున్నారు. "ఆవిడని మేం ఆపడం లేదు. ఆవిడ నిక్షేపంగా వెళ్లవచ్చు. తల మాత్రం వెళ్లకూడదు."

తాతబ్బాయి పెళ్లాం మొహంలోకి చూశాడు. నూకరత్నం తల రెండు చేతులతో పట్టుకుని, గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూలబడిపోయింది. ఊళ్లో ఎవరితో తగువొచ్చినా నెగ్గుకొచ్చిన మనిషి. ఈ పెద్దమనిషిని ఏమని తిట్టాలో ఒక్క మాటా దొరకలేదు. ఆయన మొహంలో కోపం లేదు, పగ లేదు. ఆవిడకి మేలు చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అలాంటివాణ్ణి తిట్టడానికి కడియపులంక బజారులో మాటలు తయారు కాలేదు.

హిమజ వరండాలో నిలబడి ఇదంతా చూసింది. విసవిసా వచ్చి భాష్యకార్లు గారి ఎదురుగా నిలబడింది. అరవలేదు. అరిచీ అరిచీ ఆ అమ్మాయి గొంతు ఎప్పుడో పోయింది. ఆయన భాషలోనే అడిగింది.

"సార్, ఒక ఉద్యోగి విధులకి రాడు, జవాబివ్వడు, సస్పెండయ్యాడు. ఛార్జి అప్పగించడానికి మనిషి దొరకడు. అలాంటప్పుడు రెండో అధికారి ఏకపక్షంగా ఛార్జి తీసుకోవడానికి రూలేమైనా ఉందా?"

భాష్యకార్లు గారి మొహం చేటంత అయింది.

"ఉందమ్మా! నిక్షేపంలాంటి రూలు ఉంది. ఇద్దరు సాక్షుల సమక్షంలో తీసుకొనవచ్చు. గైర్హాజరైన మొదటి రోజునే తీసుకొనవచ్చు."

హిమజ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు సార్?"

"తమరు అడగలేదమ్మా. తమరెంతసేపూ ఆపరేషన్ చెయ్యనివ్వండి, ఆపరేషన్ చెయ్యనివ్వండి అన్నారు గానీ, ఛార్జి ఇప్పించండి అని ఒక్కనాడైనా అడిగారా?"

సిస్టర్ ఎస్తేరు, తాతబ్బాయి సాక్షులుగా, నూకరత్నం నెత్తి మీద చెయ్యి పెట్టి హిమజ ఛార్జి తీసుకుంది. థియేటర్ కిటికీల నల్ల రంగు గోకించి, మర్నాటికి అన్నీ సిద్ధం చేసింది. ఆపరేషన్‌కి ముందు మంచం పక్కన మళ్లీ అదే స్టూలు మీద కూర్చుంది.

"గడ్డ వరకే తీస్తానని చెప్పాను నూకరత్నం గారూ. ఇప్పుడు అలా కుదరదు. మొత్తం తియ్యాలి. నన్ను క్షమించండి."

నూకరత్నం గోడ వైపు చూస్తూ పడుకుంది. పెళ్లయిన కొత్తల్లో మొగుడు తెచ్చిన నీలం రవికె గుర్తొచ్చింది. పాలిచ్చి పెంచిన కూతురు గుర్తొచ్చింది. ఏడవకూడదనుకుంది గానీ ఏడుపు ఆగలేదు. ఏడ్చినంతసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

"మీరేం చేత్తారండి డాక్టరమ్మా. ప్రాణమైతే ఉంటాది కదండీ?"

"ఉంటుంది. నేను చూసుకుంటాను."

"అయితే కానియ్యండి. ఆళ్లకి ఇంకేదైనా రూలు గుర్తొచ్చేలోపు కానియ్యండి."

గుర్తొచ్చింది కూడా. సస్పెన్షన్‌లో ఉన్న మెలటోనిన్ వారిచేత పని చేయించరాదు కాబట్టి, మత్తు ఇచ్చి నిద్రపుచ్చడం దాని కిందికి వస్తుందా రాదా అని భాష్యకార్లు గారు కాగితం పట్టుకుని థియేటర్ వైపు పరిగెత్తుకొచ్చారు. అప్పటికే హిమజ లోపల గడియ పెట్టేసింది. ఆయన చాలాసేపు తలుపు కొట్టి, జవాబు లేదని రాసుకుని వెళ్లిపోయారు.

నూకరత్నం బతికింది. గాయం మానడానికి, ఆ తర్వాత మందులు ఎక్కించడానికి చాలా రోజులు పట్టింది. మందులకి జుట్టు ఊడిపోతే తలకి తువ్వాలు చుట్టుకుని తిరిగింది. మల్లెలు బజారుకి వచ్చే రోజుల్లో రాజధాని నుంచి కమిషనర్ గారు ఆసుపత్రిని చూడ్డానికి వచ్చారు. కారణం లేకపోలేదు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఒక్క ఆసుపత్రిలోనే కొన్ని నెలలుగా కొత్త క్యాన్సర్ కేసు ఒక్కటీ నమోదు కాలేదు. రాత్రిపూట ఓపీ లేదు కాబట్టి ఎవరినీ చూడలేదు, చూడలేదు కాబట్టి ఎవరికీ రాలేదు. గేటు బయట చెట్టు కింద చాపలు పరుచుకుని పడుకున్న జనాన్ని కమిషనర్ గారు కారులోంచి చూసి, నిద్ర ఉద్యమం ప్రజల్లోకి కూడా వెళ్లిందే అని ముచ్చటపడ్డారు.

సాయంత్రం సభకి వేదిక కట్టారు. మెలటోనిన్ వారిపై సస్పెన్షన్ ఎత్తివేసి, ఆ కాలాన్ని డ్యూటీ కిందే పరిగణించి, ఘనంగా సన్మానించాలని నిర్ణయించారు. సన్మానం అందుకోవాలంటే వారు రావాలి. వారు రావాలంటే నూకరత్నం రావాలి. కారు పంపి మరీ పిలిపించారు. హిమజ రాలేదు. ఛార్జి తీసుకున్నందుకు ఆ అమ్మాయిని అప్పటికే బదిలీ చేసేశారు.

పేర్రాజు గారు మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఈ మహత్తర విజయం మన నూకరత్నం గారి శిరస్సున నివసిస్తున్న మెలటోనిన్ వారిది. ఎన్ని అపోహలు ఎదురైనా, మౌనంగా, నిరాడంబరంగా విధులు నిర్వర్తించిన వారిని మనమందరం ఆదర్శంగా తీసుకోవాలి."

చప్పట్లు మోగాయి. కమిషనర్ గారు పట్టు శాలువా విప్పారు. నూకరత్నం అలవాటు కొద్దీ భుజాలు వంచింది.

"భుజాలకి కాదమ్మా" అన్నారు భాష్యకార్లు గారు మెల్లిగా. "సన్మానం తమకి కాదు, లోపలున్న వారికి. తల వంచండి."

కమిషనర్ గారు శాలువాని ఆవిడ తల మీద కప్పారు. ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. పేర్రాజు గారు మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి, "నిద్ర గురించి రెండు మంచి ముక్కలు చెప్పండమ్మా" అన్నారు.

నూకరత్నం ఆ మైకుని చూసింది. జనంలో మొదటి వరసలో కూర్చుని తలెత్తకుండా ఉన్న సిస్టర్ ఎస్తేరుని చూసింది. తల మీది శాలువా రెండు చేతులా తీసి, జాగ్రత్తగా రెండు మడతలు వేసి, ఎడమ వైపు, ఏమీ లేనిచోట, చీర మీద నుంచి కప్పుకుంది.

"అమ్మా, తలకి, తలకి!" అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఫొటోలో కనబడాలి!"

"తలకేం తక్కువైందండి బాబూ" అంది నూకరత్నం మైకులో. "తల ఉన్నదున్నట్టే ఉందండి. ఇక్కడుండేది ఒకటి పోయిందండి. రేగిపండంత ఉన్నప్పుడే వచ్చానండి నేను. ఇక్కడ కప్పుకోనియ్యండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పేర్రాజు గారు మైకు వెనక్కి తీసుకుని, అది పనిచెయ్యడం లేదేమోనని రెండుసార్లు వేలితో తట్టి చూశారు. నూకరత్నం మెట్లు దిగి, కింద నిలబడ్డ తాతబ్బాయి చెయ్యి పట్టుకుంది.

"పద మావా. ఎనిమిదిన్నర బస్సు పోతే మళ్లీ దొరకదు."